చిన్నరైలు దారి వెంట సైకిలు మీద: నౌపడ నుంచి గుణుపూర్

శ్రీకాకుళం జిల్లా నౌపడ జంక్షన్‌లో మెయిన్ లైను విడిచి పడమటి కొండలకేసి తిరిగే రైలుమార్గం ఒడిశాలోని గుణుపూర్ దాకా సుమారు తొంభై కిలోమీటర్లు పోతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు దారి ఇది. పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. 1900లో పర్లాకిమిడి దాకా బండి నడిచింది. మొదటి పదేళ్లూ నష్టాలే. తర్వాత మెల్లగా లాభాల్లో పడి, 1931కల్లా గుణుపూర్ అందుకుంది. 2004లో చిన్నబండి ఆపేసి బ్రాడ్‌గేజ్ వేశారు. 2011లో పెద్ద రైలు గుణుపూర్ చేరింది.

కాబట్టి ముందే తెలుసుకోవలసింది: పట్టాలు పీకేసి సైకిళ్లకు వదిలిన బాట కాదిది, రైళ్లు తిరుగుతున్న లైను. గట్టంతా కంకర. పైగా అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి దిగడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. తొక్కేది పక్కనున్న రోడ్ల మీదే. లైను కాసేపు పక్కన నడుస్తుంది, కాసేపు పొలాల వెనక్కి తప్పుకుంటుంది.

అయినా ఎండాకాలం సైకిలు యాత్రకు ఈ చుట్టుపక్కల ఇంతకన్నా అనువైన దారి లేదు. ఆ బుల్లి ఇంజన్లు పెద్ద ఎత్తులు ఎక్కలేవు. అందుకని లైను కొండల్ని తప్పించుకుని మహేంద్రతనయ, వంశధార లోయల పల్లం పట్టుకుంది. రోడ్డుదీ ఇంచుమించు అదే పల్లం. నిండా సామాను కట్టిన సైకిలు కూడా పెద్ద ఆయాసం లేకుండా పోతుంది. ఇక రెండో సంగతి, ఎండకి ఒళ్లు మొరాయిస్తే కొద్ది దూరంలోనే ఏదో ఒక స్టేషను ఉంటుంది. నీడ, నీళ్లు, ఇంటికి చేర్చే బండి. మే నెలలో ఈ వెసులుబాటు ముందు గేర్లూ గీర్లూ లెక్కలోకి రావు.

బయలుదేరే ముందు

మే మొదటి పదిహేను రోజులూ నయం. రోహిణి కార్తె జొరబడ్డాక, అంటే మే 25 దాటాక, పెట్టుకోకూడదు. మూడో రోజు తప్ప ఏ రోజైనా తొక్కుడు రెండు ముక్కలే: తెల్లవారుజామున అయిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఒకటి. సూర్యోదయం అయిదుంబావు దాటాక అవుతుంది గాని, అయిదింటికే రోడ్డు కనిపిస్తుంది. మధ్యలో ఏడు గంటలు నీడన పడుకోవాలి. రోజుకి యాభై కిలోమీటర్లు మించి లెక్క వేసుకున్నవాళ్లు ఆ ఏడు గంటల్లోంచే కోసుకుంటారు. వడదెబ్బ తగిలేదీ అప్పుడే.

సైకిలు ఏదైనా పర్వాలేదు, టైరు సైజు మాత్రం ముందే ఆలోచించాలి. ఈ దారిలో షాపుల్లో పాతకాలం పెద్ద సైకిలుకి వేసే 28 ఇంటు ఒకటిన్నర ట్యూబు ఉంటుంది, పిల్లల గేరు సైకిళ్లు పెరిగాక 26 అంగుళాల లావు ట్యూబు కూడా చాలాచోట్ల దొరుకుతోంది. హైబ్రిడ్ సైకిళ్ల 700 సైజు దొరుకుతుందని నమ్ముకోవద్దు, రెండు స్పేరు ట్యూబులు వెంట ఉంచుకోవాలి. సన్న ప్రెస్టా వాల్వు ఉంటే ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉండాలి. అది లేకపోతే షాపువాడి పంపు వాల్వుకి పట్టదు, గాలి ఎక్కదు.

38 మిల్లీమీటర్ల టైరుకి 50 పౌండ్ల గాలి సరి. పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర 50 పెట్టిన టైరు, ఎండలో నిలబెడితే వేడెక్కి 60 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 56 చూపిస్తుంది. కొత్త టైరుకి అదొక లెక్క కాదు. పక్కలు పగిలిన టైరుకీ, పాత ప్యాచీలున్న ట్యూబుకీ ఆ ఆరు పౌండ్లే ముప్పు. అందుకే సైకిలు ఎప్పుడూ నీడకే ఆనించాలి, గాలి పై హద్దు దాకా కొట్టకూడదు.

సామాను మనిషికి ఎనిమిది కిలోలు చాలు. క్యారియరు బిగించే నాలుగు బోల్టులూ రోజూ పొద్దున ఒక్కసారి అలెన్ పానాతో చూసుకోవాలి. గతుకుల్లో ముందు వదులయ్యేవి అవే. ఒకటి ఊడిపోతే మిగతా మూడింటి మీద బరువు పడి క్యారియరు కాలు విరుగుతుంది. స్పేరుగా రెండు బోల్టులు, అరడజను ప్లాస్టిక్ ట్యాగులు పెట్టుకుంటే దిగులుండదు.

నీళ్లు మూడు లీటర్లు. గంటకి అర లీటరుకి తగ్గకుండా దాహం వేసినా వేయకపోయినా తాగాలి. వట్టి నీళ్లు మాత్రం కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లకి ఒకటి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టిన చెంచాలే. ఉప్పు ఎక్కువైతే మంచిదనుకునేవాళ్లున్నారు, అది వాంతికి దారి.

మొదటి రోజు: పలాస – నౌపడ – టెక్కలి

సైకిలు రైల్లో పార్సిలు వేసి తెచ్చుకుంటే పలాసకి బుక్ చేసుకోవాలి. బండి కాసేపే ఆగే చిన్న స్టేషన్లకి పార్సిలు కౌంటర్లో ఒప్పుకోకపోవచ్చు. పలాస నుంచి నౌపడకి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, నైరుతి దిక్కు. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే కోస్తాలో గాలి సరిగ్గా ఆ దిక్కు నుంచే కొడుతుంది. కాబట్టి ఈ ముక్క పొద్దున్నే తెమలాలి. హైవే మీద పోయేటప్పుడు వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూ ఉండాలి. గ్రానైటు బండలు వేసుకెళ్లే ట్రెయిలర్ల పక్కగాలికి సైకిలు ఒక మూర పక్కకి జరుగుతుంది.

నౌపడలో చూడవలసింది ఉప్పు మళ్లు. ఈ లైను తొలినాళ్ల నుంచీ ఉప్పుకి, కొండ సరుక్కి దారి. ఎండాకాలమే ఉప్పు తీసే కాలం, తొలకరి పడితే పని ఆగిపోతుంది. మడిలో ఉప్పునీరు అంగుళాల లోతునే ఉంటుంది. అంచున తెల్లటి పొర కట్టి, ఎండ ముదిరేకొద్దీ లోపలికి పాకుతుంది. పలకతో లాగి గట్టున పోసిన కుప్పలు తెల్లటి వెలుగుతో కళ్లు చెదరగొడతాయి, నల్లద్దాలు లేకుండా ఎక్కువసేపు చూడలేరు. మళ్ల మధ్య గట్ల మీదికి సైకిలు దింపకండి. పైన పెచ్చు గట్టిగానే కనిపిస్తుంది, చక్రం పడగానే కింద బురద. ఆ బురదలో ఉప్పు ఉంటుంది, చైను లింకుల్లోకి దిగిందంటే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. ఒకవేళ దిగబడితే ఆ సాయంత్రమే మంచినీళ్లతో చైను కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పైన అంటుకున్నది మళ్లీ తుడిచేయాలి. పైన మిగిలిన నూనె దుమ్ము పట్టుకుని సానరాయిలా పళ్లు అరగదీస్తుంది.

దగ్గర్లోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలమంతా వస్తాయి. మే నాటికి చెట్లు దాదాపు ఖాళీ. పక్షుల కోసమైతే ఈ యాత్ర ఎండాకాలం పెట్టుకోకూడదు, అంతే.

సాయంత్రం నౌపడ నుంచి టెక్కలి పది కిలోమీటర్ల లోపు. సముద్రపు గాలి వెనక నుంచి తోస్తుంది. రాత్రి మకాం టెక్కలిలోనే, లాడ్జీలున్నాయి. మర్నాటికి నీళ్లు, అరటిపళ్లు, ఓఆర్ఎస్ ఇక్కడే కొనుక్కోవాలి.

రెండో రోజు: టెక్కలి – పాతపట్నం – పర్లాకిమిడి

నలభై కిలోమీటర్ల లోపు. యాత్ర మొత్తంలో చిన్నరైలు ఆనవాళ్లు వెతుక్కునే ఓపిక ఉంటే ఈ రోజే ఖర్చు పెట్టాలి. పెదసాన, టెంబూరు స్టేషన్ల చుట్టుపక్కల రోడ్డూ లైనూ దోబూచులాడతాయి. చిన్నగేజీ బండి ఇరుకు మలుపులు తిరగగలదు, బ్రాడ్‌గేజీ తిరగలేదు. మలుపు సడలించిన చోట పాత గట్టు పక్కన మిగిలిపోయే అవకాశం ఉంటుంది. పట్టాలకి దూరంగా తాటిచెట్ల మధ్య మెలిక తిరిగి మళ్లీ లైనులో కలిసిపోయే సన్నపాటి కట్ట ఎక్కడైనా కనిపిస్తే, గెడ్డ (వాగు) దాటే చోట దాని కింద చిన్న రాతి మదుం (నీళ్లు పోయే దారి) కోసం చూడండి. పొలం గట్టుకి మదుము కడితే ఒక తూమే ఉంటుంది. రైలు మదుముకి రెండు పక్కలా చెక్కిన రాళ్లతో గోడలుంటాయి. రోడ్డు మీంచి చూస్తేనే తేడా తెలుస్తుంది, దిగి ఎక్కనక్కర్లేదు.

లెవెల్ క్రాసింగుల దగ్గర జాగ్రత్త. రోడ్డు ఏటవాలుగా పట్టాల్ని దాటే చోట చక్రం పట్టా పక్కన ఉండే రెండంగుళాల సందులో పడుతుంది. మీ టైరు దానికన్నా సన్నం. సైకిలుని కొంచెం పక్కకి తిప్పి పట్టాకి అడ్డంగా, నిటారుగా దాటించాలి. వాన చినుకు పడి పట్టా తడిసి ఉంటే దిగి నడిపించుకోవడమే.

ఈ మెట్టదారిలో పంక్చర్లు తప్పవు. కారణం పల్లేరు. ఎండకి తీగ ఎండిపోయి కాయలు విడివడి రోడ్డు అంచుకి కొట్టుకొస్తాయి. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. తుమ్మముల్లయితే పొడుగ్గా ఉండి గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. పల్లేరు ముల్లు టైరులో విరిగి అక్కడే ఉండిపోతుంది, ట్యూబు అతికించి వేసినా గంటలో మళ్లీ గాలి పోతుంది. అందుకని ట్యూబు విప్పగానే దాన్ని పక్కన పెట్టి ముందు టైరు లోపలంతా పాత నూలు గుడ్డతో తుడవాలి. ముల్లున్న చోట గుడ్డ పోగు పట్టుకుంటుంది. చేత్తో తడిమితే వేలికి దిగుతుంది. బయట నుంచి కూడా చూసి గోళ్ల కత్తెరతో ప్రతి ముల్లూ లాగేశాకే ట్యూబు సంగతి. ట్యూబుకి గాలి కొట్టి నీళ్లలో ముంచి బుడగలొచ్చే చోట పెన్నుతో పెద్ద గీత గీయాలి, చిన్న చుక్క పెడితే రుద్దేటప్పుడు చెరిగిపోతుంది. గరుకు కాగితంతో ప్యాచీ కన్నా కాస్త వెడల్పుగా మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషను పలచగా రాసి, తాకితే వేలికి అంటనిదాకా ఆగాలి. ఎండలో ఇది రెండు నిమిషాల్లోనే ఆరినట్టు కనిపిస్తుంది, పైపొర మాత్రమే ఆరుతుంది. తడి మీద వేసిన ప్యాచీ వేడికి అంచున లేస్తుంది. నీడకెళ్లి అయిదు నిమిషాలు ఆగి, ప్యాచీ మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కాలి. మీకంత ఓపిక లేకపోతే స్పేరు ట్యూబు వేసేసుకుని ప్యాచీ పని మధ్యాహ్నం విడిదిలో చూసుకోవడం మంచిది. రోడ్డు అంచున వేడి తారు పక్కన కూర్చుని వేసిన ప్యాచీలే ఎక్కువగా ఊడేది.

పాతపట్నంలో నీలమణి దుర్గ అమ్మవారి గుడి. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోతే పర్లాకిమిడి, ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా చేరి జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఊరు ఇదే. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసిన పనంతా ఇక్కడ కూర్చునే జరిగింది. ఊరిని ఒడిశాలో కలిపారని నొచ్చుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఇప్పటికీ బజార్లో తెలుగుతో పని జరిగిపోతుంది, బోర్డులే ఒడియాలో ఉంటాయి. గజపతుల ప్యాలెస్ చూసేందుకు సాయంత్రం వేళ బాగుంటుంది. కొమ్ము బొమ్మలకి ఈ ఊరు పెట్టింది పేరు. కొంటే గుడ్డల మధ్య చుట్టి సంచి నడిమధ్యన పెట్టాలి, కొక్కిరి కాళ్లు గతుకులకి ఇట్టే విరుగుతాయి.

మూడో రోజు: పర్లాకిమిడి – కాశీనగర్ – గుణుపూర్

యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. అన్నిటికన్నా పొడుగు, అన్నిటికన్నా ఉడుకు. సముద్రపు గాలి ఇంత లోపలికి సరిగా చేరదు. ఆ లోటుకి ఒక లాభం ఉంది: గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సీసాకి తడిగుడ్డ చుడితే నీళ్లు నిజంగానే చల్లబడతాయి. నౌపడ దగ్గర ఉక్కపోతలో అదే గుడ్డ పొద్దంతా తడిగానే వేలాడుతుంది, నీళ్లు మాత్రం గోరువెచ్చనే.

నాలుగున్నరకే లైట్లతో బయలుదేరి ఏడింటికి కాశీనగర్ చేరాలి. అక్కడ టిఫిను చేసుకుని ఎనిమిది లోపు కదిలితే పదింటికి గుణుపూర్. చోడి (రాగి) అంబలి దొరికితే ఇడ్లీ మానేసి అదే తాగండి. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ వేసిన అంబలి రెండు గ్లాసులు కడుపులో బరువు లేకుండా మూడు గంటలు నడిపిస్తుంది. దారిలో ముంజెలు, ఈతపళ్లు. పనసతొనలు మాత్రం మకాం చేరాకే.

వెనక చక్రంలో పుల్ల (స్పోకు) తెగేది సాధారణంగా ఈ మూడో రోజే, అదీ చైను వైపు. ఆ వైపు పుల్లలు ఎప్పుడూ ఎక్కువ బిగువులో ఉంటాయి, పైన సామాను బరువు. హబ్బు దగ్గర వంపులో తెగుతుంది. చక్రం ఎడమకి వాలి బ్రేకుకి రాసుకుంటుంది. తెగిన పుల్లని పక్కదానికి చుట్టి ట్యాగు వేసి, దానికి అటూ ఇటూ ఉన్న రెండు పుల్లల్ని అర చుట్టు చొప్పున వదులు చేయాలి. ఆ రెండూ ఎడమ అంచు నుంచి వచ్చినవి, వదలగానే రిమ్ము కుడికి వస్తుంది. ఇంకా రాస్తుంటే వెనక బ్రేకు తీగ సడలించి, ముందు బ్రేకుతో నెమ్మదిగా ఊరు చేరుకోవచ్చు. కొత్త పుల్ల వేయాలంటే గేర్ల చక్రం విప్పాలి. ఊళ్లో షాపులో ఉండే పనిముట్టు మామూలు సైకిలు ఫ్రీవీలుది. మీ గేర్లకి సరిపోయే సాకెట్టు వెంట ఉంటే అతని పానాతో పని అయిపోతుంది.

మధ్యాహ్నం మూడు దాటాక వాయవ్యాన నల్లగా కమ్ముకుంటే గాలివాన. పది నిమిషాల్లో ఈదురుగాలి మీద పడుతుంది. చింతచెట్టు కిందికీ తాటిచెట్టు కిందికీ పోవద్దు. పక్కా ఇంటి అరుగు, బస్ షెల్టరు, ఏదీ లేకపోతే సైకిలు వదిలి పల్లపు నేల. గుణుపూర్ చేరాక సాయంత్రం ఎలాగూ తొక్కేది లేదు కాబట్టి ఈ బెడద తక్కువ.

నాలుగో రోజు: బండి మీద పాతపట్నం

కుడిగట్టున భామిని, కొత్తూరు మీదుగా కిందికి దిగే రోడ్డుంది. మ్యాపులో ఆకర్షణీయంగానే ఉంటుంది. ఒడిశా నుంచి దిగిన ఏనుగుల గుంపు ఆ వైపు పొలాల్లో కొన్నేళ్లుగా తిరుగుతోంది. మనం తొక్కేది చీకటి విడిపోని వేళ, అవి తోటల్లోంచి కదిలేదీ అదే వేళ. అందుకని వెనక్కి రైలే.

వేళలు ముందు రోజు సాయంత్రం స్టేషన్లో అడగాలి, మారుతూ ఉంటాయి. గంట ముందు వెళ్లి సైకిలు లగేజీ కింద బుక్ చేయించాలి. పంపు, సీసాలు, లైట్లు విప్పేసి సంచిలో వేసుకోండి. పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసిన అట్టముక్కలు రెండు, ఒకటి హ్యాండిలుకి, ఒకటి ఫ్రేముకి కట్టాలి. తాళం వేయకండి, ఎత్తి దించేవాళ్లు చిరాకుపడి పడేస్తారు. ముందు బ్రేకు మాత్రం తాడుతో బిగించి కట్టేస్తే బ్రేకు వ్యానులో దొర్లదు. పాతపట్నానికి ఒప్పుకోకపోతే పర్లాకిమిడికి రాయించుకోండి, అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లేగా. మూడో రోజంతా చెమటోడ్చి తొక్కిన దారి కిటికీలోంచి గంటా గంటన్నరలో వెనక్కి పోతుంది, రోడ్డు మీంచి కనపడని వంతెనలు ఇప్పుడు కనిపిస్తాయి.

అయిదో రోజు: పాతపట్నం – శ్రీముఖలింగం – నరసన్నపేట

సారవకోట, చల్లవానిపేట మీదుగా నరసన్నపేట సుమారు నలభై కిలోమీటర్లు. ముఖలింగానికి పక్కదారి పట్టాలి. వంశధార ఎడమకాలువ గట్టు మీద మట్టిదారి దగ్గరగా కనిపిస్తుంది. మేలో అది మడమ లోతు దుమ్ము, దుమ్ములో పల్లేరు. తారురోడ్డే మేలు.

మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ తూర్పు గాంగుల కాలానివి. గుడి మధ్యాహ్నం మూసే లోపు చేరాలంటే పాతపట్నంలో అయిదుకే కదలాలి. సోమేశ్వరాలయం ఊరి మొదట్లో ఒంటరిగా ఉంటుంది, పొద్దుటి ఏటవాలు ఎండలో గోడ మీది శిల్పాలు లోతుగా కనిపిస్తాయి. పది దాటితే వెలుగు నెత్తిన పడి అన్నీ చదునుగా కనిపిస్తాయి. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట ఈ పక్కనే. నది ఇసుకలోకి సైకిలు దింపొద్దు, తోసినా కదలదు.

మధ్యాహ్నం ముఖలింగంలోనే నీడ చూసుకుని సాయంత్రం నరసన్నపేట. తొక్కేవాళ్లలో ఎవరికైనా తల తిరిగి, చెమట ఆగి, మాట తడబడితే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి, బట్టలు తడిపి, విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్లకి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆరో రోజు: శ్రీకాకుళం రోడ్డు స్టేషను

మడపాం దగ్గర వంశధార వంతెన, తర్వాత హైవే, శ్రీకాకుళం, అక్కడి నుంచి ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఈ ఊళ్లోనే. ముప్పై అయిదు కిలోమీటర్లు, ఎదురుగాలి లేవకముందే ఎనిమిదింటికల్లా అయిపోవాలి. చెప్పుకోదగ్గదేమీ లేని దారి.

మూడు రోజులే సెలవుంటే మొదటి రోజూ చివరి రెండు రోజులూ కోసేయండి. శ్రీకాకుళం రోడ్డులో సైకిలుతో గుణుపూర్ ప్యాసింజరు ఎక్కి టెక్కలిలో దిగి, రెండో రోజు, మూడో రోజు దారులు తొక్కి, గుణుపూర్‌లో మళ్లీ అదే బండి పట్టుకోవచ్చు. ఉప్పు మళ్లు పోతాయి. ముఖలింగానికి శీతాకాలంలో విడిగా వెళ్లొచ్చు.